క్రమం తిప్పితే క్రమ ప్రభావం పోతుందా?

ప్రయోగ రూపకల్పన గురించి చేతులు మారుతూ వస్తున్న సలహా ఒకటుంది: ఒకే వ్యక్తుల మీద రెండు పద్ధతులను పరీక్షించేటప్పుడు సగం మందికి ముందు ‘క’, తర్వాత ‘గ’ ఇచ్చి, మిగతా సగానికి క్రమం తిప్పితే క్రమ ప్రభావం (ముందు చేసినది తర్వాతిదాని ఫలితాన్ని మార్చడం) రద్దవుతుందనీ, ఎవరికి ఏ క్రమమో బొమ్మా బొరుసుతో తేల్చితే చాలుననీ, అనుమానముంటే ఆ ప్రభావం మిగిలిందేమోనని చివర్లో గణాంక పరీక్ష చేసుకోవచ్చుననీ దాని సారాంశం.

రద్దవడమన్నది రెండు క్రమాల్లోనూ ఆ ప్రభావం ఒకే మోతాదులో ఉంటేనే జరుగుతుంది. ఉదాహరణకు, పదాల జాబితాను ‘క’లో కథగా అల్లుకోమనీ, ‘గ’లో వల్లె వేయమనీ చెప్పామనుకుందాం. మొదటి వంతులో రెండింటికీ సగటు 60 మార్కులే వచ్చాయి. అయితే కథ అల్లడం ఒకసారి అలవాటైనవారు వల్లె వేయమన్నా లోలోపల కథే అల్లుతారు కనుక వారికి ‘గ’లో 70 వచ్చింది, ముందు వల్లె వేసినవారికి ‘క’లో అదనంగా ఒరిగిందేమీ లేక 60 దగ్గరే ఆగారు. మొత్తం సగటు చూస్తే ‘క’కు 60, ‘గ’కు 65. క్రమాన్ని చక్కగా తిప్పిన ప్రయోగమే లేని ఆధిక్యాన్ని సృష్టించింది, అదీ కథ తెచ్చిన లాభాన్ని వల్లె వేయడం ఖాతాలో వేసి! ఈ అసమాన బదలాయింపు గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఇ.సి. పోల్టన్ 1960లలోనే హెచ్చరించారు.

సర్వేల్లోనూ ఇదే చిక్కు. కమ్యూనిస్టు దేశాల విలేఖరులను అమెరికాలోకి రానివ్వాలా అని 1948లో అక్కడివారిని ముందుగా అడిగితే 37 శాతం వరకే సరేనన్నారు. అమెరికా విలేఖరులను రష్యా రానివ్వాలా అని ముందు అడిగి, ఆ తర్వాత ఇదే ప్రశ్న వేస్తే 73 శాతం సరేనన్నారు. రెండు క్రమాలనూ కలిపి 55 శాతమని రాస్తే అది ఎవరి అభిప్రాయమవుతుంది?

బొమ్మా బొరుసు సంగతి చిన్నదే: ఎనిమిది మందికి నాణెం ఎగరేస్తే సరిగ్గా నలుగురేసి వచ్చే అవకాశం 27 శాతమే. క్రమాల సంఖ్యను ముందే సమానంగా నిర్ణయించి, ఎవరికేది అన్నదే యాదృచ్ఛికంగా పంచాలి.

చివర్లో పరీక్షిద్దామన్న మాటే అన్నిటికన్నా ప్రమాదకరమైనది. మొదటి వంతు ప్రభావం రెండోదానిలోకి పాకిందా అన్న పోలిక వేర్వేరు వ్యక్తుల మధ్య జరుగుతుంది కాబట్టి ఉన్న ప్రభావాన్ని పట్టుకునే శక్తి దానికి తక్కువ. ఏమీ కనిపించకపోవడం ఏమీ లేదనడానికి రుజువు కాదు. పైగా ఆ ఫలితాన్నిబట్టి విశ్లేషణను మార్చే రెండంచెల పద్ధతిలో తప్పుడు నిర్ధారణల రేటు మామూలుగా పెట్టుకునే 5 శాతం హద్దును దాటిపోతుందని గణాంక శాస్త్రవేత్త ఫ్రీమన్ 1989లో చూపారు.

మందు విషయంలోనైతే అది ఒంట్లోంచి దిగిపోయేదాకా విరామమిచ్చి రెండోది మొదలుపెట్టవచ్చు. నేర్చుకున్న కిటుకు అలా దిగిపోదు కనుక, ఎక్కువమంది కావలసి వచ్చినా అక్కడ వేర్వేరు బృందాలనే తీసుకోవాలి.