ఐసు లేని ఐస్‌డ్ కాఫీ

"ఇంట్లోనే రెండు నిమిషాల్లో ఐస్‌డ్ షేకెన్ ఎస్ప్రెస్సో" అంటారు వీడియోల్లో. అంటే చిక్కటి కాఫీ డికాక్షన్‌ని ఐసుతో కలిపి షేకర్‌లో ఊపడం. ఎవరింట్లో? ఆ రెండు నిమిషాల వెనక 9 బార్ల ప్రెషర్‌తో డికాక్షన్ తీసే మెషిన్ ఉందని ఒక్కరూ చెప్పరే! సరే, స్టవ్ మీద డికాక్షన్ కాచే మోకా పాట్‌తో సర్దుకుందామంటే పొడి ఏది? కడప బజారులో ఏ అంగట్లో అడిగినా చికోరీ వేరు పొడి కలిపిందే. "చికోరీ లేకుండా ఇవ్వన్నా" అంటే, "అది లేకుంటే చిక్కదనం యాడొస్తాది సార్?" అని నాకే క్లాసు.

ఇక ఐసు. మే నెలలో, 40 డిగ్రీలు దాటిన ఎండలో, కరెంటు పోవాల్సింది మధ్యాహ్నమేనా? ట్రేలో పైన పల్చటి పొర, కింద నీళ్లు. గట్టిపడ్డ నాలుగు ముక్కలూ ఎవరి నన్నారి షర్బత్‌లోకో పోతాయి. తాగినోళ్లు ఖాళీ ట్రేని అట్లే మళ్లీ ఫ్రీజర్‌లో పెడతారు. అదేం మర్యాదో! కాసిన్ని నీళ్లు పోస్తే చేతులు అరిగిపోతాయా?

షేకర్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, కాబట్టి పచ్చడి సీసానే దిక్కు. వేడి డికాక్షన్ పోసి ఊపితే మూత సందుల్లోంచి చొక్కా మీదికి, స్టవ్ మీదికి, గోడ మీదికి! వీడియోలో ఆ తెల్ల చొక్కా ఆయన మీద ఒక్క చుక్కయినా పడదేం? ఆయనకు రెండంగుళాల నురగ. మనకు కాఫీలో ఆవకాయ వాసన ఫ్రీ.