బయాంఫలేరియా నత్తగారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నత్తగారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని రాయబోయి ఆగాను. కుశలమంతా తమ వైపే ఉంది. బిల్హార్జియా అనే జబ్బు తెచ్చే పురుగుని తమరు మోస్తారని కాలువకు నత్తల మందు పెట్టి రెండు నెలలు కాలేదు, గుర్రపుడెక్క ఆకుల అడుగున మళ్ళీ తమ కాపురం!

మందు లెక్క తప్పిందా అంటే అదీ లేదు. పారే నీటికి నిక్లోసమైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము, ఎనిమిది గంటలు తెగని ధార. చేపలు తేలాయి (వాటికి మా క్షమాపణలు). తమవాళ్ళూ పోయారు, కాదనను. కానీ ధార చేరని మడుగులో ఒక్కరు మిగిలారు. ఆ ఒక్కరూ చాలట! ఆడా మగా తమరే కనుక తోడు కోసం వెతుక్కునే పని లేదు. ఆకుకు జిగురు బిళ్ళలా అతికించిన గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి, నెలా నెలన్నరకు ఆ పిల్లలూ గుడ్లు పెడతాయి. మందేమో ఎండకి, బురదకి కొద్ది రోజుల్లోనే చచ్చుబడుతుంది. రక్తబీజుడికైనా ముందు దెబ్బ తగిలి రక్తం నేల మీద పడాలి; తమరికి ఆ శ్రమా లేదు. అన్నట్టు తమ ఒంట్లో పారేదీ హిమోగ్లోబిన్ ఉన్న ఎర్ర రక్తమే. అలాగని చుట్టరికం కలపకండి.

తమలో ఆ పురుగుందో లేదో చూద్దామని గాజుసీసాలో నీళ్ళు పోసి, తమర్ని అందులో దించి, బల్బు కింద పెడితే మూడు గంటలైనా ఒక్క సర్కేరియా (తమలోంచి నీళ్ళలోకి ఈదే పురుగు పిల్ల) రాలదు. రాలలేదని శుద్ధులనుకోవాలా? పురుగు లోపల ముదరడానికే నాలుగైదు వారాలు. ఆ తర్వాత చూడాలి, చీలిన తోకలతో రోజూ వందలూ వేలూ! చర్మంలో దూరడానికి వాటికి నిమిషాలు చాలు. మోకాళ్ళ లోతు నీళ్ళలో బట్టలుతుకుతున్న పిల్లకి నువ్వు చేసింది తెలియను కూడా తెలియదు కదా, సిగ్గులేనిదానా! ఈ పురుగులకిచ్చే మందు ప్రాజిక్వాంటెల్ కిలో బరువుకు 40 మిల్లీగ్రాములు మింగిస్తే ముదురు పురుగులు పోతాయి, లేతవి నిలుస్తాయి. రేపు పిల్ల మళ్ళీ అదే రేవులో దిగుతుంది.

సరే, పుట్టుకతో నీలో పురుగు లేదు. మా మలంలోంచి గుడ్లు నీళ్ళలో పడితేనే అది నీ గడప తొక్కింది. ఆ గట్టున మరుగుదొడ్డి లేకపోవడం నీ తప్పు కాదు.

అయినా వదలను. వచ్చే వారం ముందు డెక్క పీకిస్తాం. ధార ఎగువ నుంచి పెడతాం. ఆ మడుగులకు విడిగా, చేతి స్ప్రేయర్‌తో.

ఇట్లు,
తొడల దాకా రబ్బరు బూట్లలోంచి,
తమ పాత శత్రువు