పంతులుగారికి పాట నేర్పేదెవరు?

2025 మెగా డీఎస్సీలోని 16,347 పోస్టుల గురించి అప్పట్లో విశాఖలో మాట్లాడని టీకొట్టు లేదు. ఆ కొత్త పంతుళ్లకు పాట ఎవరు నేర్పుతారని అడిగినవాళ్లు మాత్రం నాకు కనబడలేదు.

ఈ ఊరికి సంగీతం కరువు కాదు. కళాభారతిలో కచేరీలు జరుగుతాయి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సంగీత విభాగం ఉంది. గంటన్నర ప్రయాణిస్తే 1919లో పుట్టిన విజయనగరం సంగీత కళాశాల, ద్వారం వెంకటస్వామినాయుడు ఫిడేలు నేర్పిన చోటు. ఇంకో పక్క భీమిలిలో ప్రాథమిక ఉపాధ్యాయులను తయారుచేసే డైట్. ఈ రెండు లోకాల మధ్య తిరుగుతూ, చిన్న తరగతుల పంతుళ్లకు పాట చెప్పే పద్ధతి నేర్పడమే జీవితవృత్తిగా పెట్టుకున్న మనుషులు జిల్లాకు నలుగురైనా కావాలి.

2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలు తిరగేయండి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వందమంది దాటితే కళలకు పార్ట్‌టైం బోధకుడు. ఐదో తరగతి లోపు పిల్లలకు ఆ ఊసే లేదు. చెవి లేతగా ఉన్న ఏళ్లన్నీ వదిలేసి, గొంతు మారే వయసులో ఒకరిని అరకొరగా పంపుతారన్నమాట!

నగర శివారు బడిలో ఒక ఉదయం ప్రార్థన విన్నాను. మాస్టారిది మంచి గొంతే. మగవాళ్లకు అలవాటైన ‘ఒకటి’ శ్రుతిలో, అంటే కింది స్థాయిలో, ఎత్తుకున్నారు. పిల్లల గొంతు అంత కిందికి దిగదు. సగంమంది గొణిగారు, సగంమంది అరిచారు. ‘నోరు తెరవరేం?’ అని ఆయన గదమాయించారు. ముందు వరుసలోని పాపను ఎత్తుకోమని, ఆ శ్రుతినే అందరూ పట్టుకోమంటే పని అయిపోయేది. ఈ చిన్న కిటుకు ఆయనకు ఎవరూ చెప్పలేదు. విద్వాంసుణ్ణి పిలిచినా చెప్పేవారు కాదేమో, సంగీతంలో తొలి స్వరపాఠాలైన సరళీ వరుసలతో మొదలుపెట్టేవారు. నలభై నిమిషాల పీరియడులో ముప్పైమందిని పాడించడం వేరే విద్య. హంగేరీలో జొల్తాన్ కొదాయ్ అంతటి స్వరకర్త బడిపిల్లల పాట కోసం దశాబ్దాలు శ్రమించింది అందుకే.

చదవడమే రాని పిల్లలకు పాటెందుకు, ఆ డబ్బుతో పుస్తకాలు కొనవచ్చు కదా అంటారు. పుస్తకాలు వద్దని నేననను. కానీ చదవడం రాకపోవడానికీ పాట లేకపోవడానికీ చుట్టరికం ఉందని నా అనుమానం.

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ఇది వ్యాకరణం కంటే ముందు తాళం. వేమన ఆటవెలదిని చేత్తో తాళం వేస్తూ రాగంగా చదివిన పిల్లకు దీర్ఘం చెవిలో పడుతుంది. చెవిలో పడినది రాతలోకి వస్తుంది. ‘కల’కూ ‘కాల’కూ తేడా పలక మీద కంటే గొంతులో ముందు తెలియాలి. ఒకప్పుడు తెలుగు మాస్టారంటే పద్యం రాగం తీసేవాడు. ఇప్పుడు బడిలో పద్యాన్ని కరెంటు బిల్లులా చదివిస్తున్నాం, ఆపైన పిల్లలకు తెలుగు రావడం లేదని సభలు పెట్టి ఏడుస్తున్నాం. తెలుగును కాపాడతామనేవాళ్లు తీర్మానాలు కాసేపు పక్కనపెట్టి, ఐదో తరగతిలో ఒక పద్యం పాడించి చూడాలి.

ఆ విద్య నేర్పగలిగినవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. సంగీతంలో పట్టాలు పుచ్చుకుని, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో ట్యూషన్లు చెబుతూ, తెల్లవారకముందే లేచి ఫోనులో అమెరికా పిల్లలచేత గీతాలు పాడిస్తున్నారు. వాళ్లను భీమిలి డైట్‌కు బస్సు ఎక్కించాలంటే ఒక పోస్టు, నెలనెలా జీతం ఉండాలి.