రతన్ టాటా చెప్పని మాటలు వద్దు, చేసిన పని చెప్పండి

అక్టోబర్ 9 వచ్చిందంటే నా ఫోన్ నిండా రతన్ టాటా ఫొటోలే. ప్రతి ఫొటో కింద ఒక సూక్తి. ఆయన అన్నాడో లేదో ఎవరూ చూడరు. 2020 ఏప్రిల్‌లో, కరోనా వల్ల ఆర్థిక వ్యవస్థ ఏమవుతుందో చెబుతూ ఆయన పేరుతో ఒక మెసేజ్ ఊరంతా తిరిగింది. ఇది నేను అన్నదీ కాదు, రాసిందీ కాదని ఆయనే బయటికి వచ్చి చెప్పాల్సి వచ్చింది. 2024లో అదే అక్టోబర్ 9న ఆయన పోయారు. ఇప్పుడు కాదని చెప్పడానికి మనిషి లేరు. అందుకే నాకు ఇంత బాధ. చెప్పుకోవడానికి నిజంగా చేసిన పని మన పక్కనే, తిరుపతిలో ఉంది.

2009లో మా పెద్దమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. నెల్లూరు పొగతోటలో చూసిన డాక్టరు మద్రాసు తీసుకెళ్లమన్నారు. మాకు తెలిసిన దారి కూడా అదొక్కటే. మూడు వారాలకోసారి తెల్లవారుజామున రైలెక్కేవాళ్లం. పసుపు గుడ్డసంచిలో ఫైలు, స్కాన్ ఫిల్ములు, ఇంకో సంచిలో పెరుగన్నం. పెద్దనాన్నకి తమిళం రాదు. కౌంటర్‌లో ఏ గదికి వెళ్లమన్నారో అర్థంకాక, కనిపించిన ప్రతి మనిషికీ చీటీ చూపించేవాడు. మందు ఎక్కించిన రోజు తిరుగు రైల్లో పెద్దమ్మ కిటికీకి తల ఆనించి, ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కూర్చునేది. గూడూరు దాటేదాకా కళ్లు తెరిచేది కాదు. జుట్టు రాలిపోయాక తల మీంచి కొంగు తీయలేదు. మందుల ఖర్చు ఒక ఎత్తు, రూముల అద్దెలు, ఆటోలు, తోడు వెళ్లినవాళ్ల పనులు పోవడం ఇంకో ఎత్తు. బుచ్చి దగ్గర అర ఎకరం అమ్మేశారు. 2011లో పెద్దమ్మ పోయింది.

క్యాన్సర్ వచ్చినవాళ్లని రోగంతో పాటు దూరం కూడా చంపుతుంది. ఆ దూరం తగ్గించడానికి డబ్బు పెట్టినవాళ్లలో రతన్ టాటా ఒకరు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

టాటాలకి ఈ పని కొత్త కాదు. బొంబాయిలో టాటా మెమోరియల్ ఆస్పత్రి 1941లోనే తెరిచారు. టాటా కంపెనీలన్నిటికీ పైనుండే టాటా సన్స్‌లో దాదాపు 66 శాతం వాటా సేవా పనులు చేసే టాటా ట్రస్టులదే, కాబట్టి అది వాటాదారులకి పంచే డబ్బులో పెద్ద భాగం అటే వెళ్తుంది. ఈ ఏర్పాటు రతన్ టాటా పెట్టింది కాదు, పెద్దవాళ్ల నుంచి వచ్చింది. కానీ ఆ డబ్బుతో పెద్ద నగరాలు దాటి జిల్లాల్లోకి క్యాన్సర్ ఆస్పత్రులు వెళ్లింది ఆయన హయాంలో. నానో కారు అనుకున్నట్టు నడవలేదు, టాటా సన్స్ ఛైర్మన్ పదవి నుంచి తీసేసిన సైరస్ మిస్త్రీతో గొడవ కోర్టుల దాకా వెళ్లింది. అవీ ఉన్నాయి, కాదనను.

2022 ఏప్రిల్ 28న అస్సాంలోని డిబ్రూగఢ్ సభ నుంచి, అక్కడి ప్రభుత్వం, టాటా ట్రస్టులు కలిసి ఆ రాష్ట్రంలో కట్టిన ఏడు క్యాన్సర్ ఆస్పత్రులు ఒకేసారి ప్రారంభించారు. ఆ వీడియో చూడండి. వేదిక మీద రతన్ టాటా, 84 ఏళ్ల మనిషి, గొంతు వణుకుతోంది. నాకు హిందీ రాదు, ఇంగ్లీషులో మాట్లాడతానని ముందే చెప్పుకున్నారు. నా చివరి సంవత్సరాలు ఆరోగ్యానికే అంకితం అన్నారు. ఇది ఆయన నోటితో అన్న మాట. ఫార్వర్డ్ చేయాలనిపిస్తే దీన్ని చేయండి.

సరిగ్గా వారానికి, మే 5న, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర క్యాన్సర్ ఆస్పత్రి మొదలైంది. స్థలం టీటీడీది, కట్టించింది టాటా ట్రస్ట్స్. 2018 ఆగస్టు 31న శంకుస్థాపనకి ఆయనే వచ్చారు. మన జిల్లాలో ఈ ఆస్పత్రి సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. నిరుడు మా వీధిలో ఒకాయన రిపోర్టులు పట్టుకుని నేరుగా మద్రాసు బండెక్కాడు. ఎవరైనా చెప్పి ఉంటే ఆగేవాడు.

మా బాబాయికి గొంతులో వచ్చినప్పుడు తిరుపతే వెళ్లాం. రేడియేషన్ అన్ని వారాలూ అక్కడే ఉండాల్సి వచ్చింది, అది తప్పలేదు. కానీ నర్సమ్మ తెలుగులో చెబుతుంటే పిన్ని ఒక్కతే అన్నీ చూసుకోగలిగింది. మొన్న చెకప్‌కి పొద్దున బస్సులో నాయుడుపేట మీదుగా వెళ్లి, రాత్రి ఎనిమిదికల్లా ఇంట్లో ఉన్నారు. బాబాయి మెత్తగా పిసికిన చారన్నం తిన్నాడు. పిన్ని ఫైలు సంచిని తలుపు వెనక మేకుకి తగిలించింది. మళ్లీ మూడు నెలల దాకా దాంతో పనిలేదు.