చప్పట్లు పాపకు, ఇల్లు ఖాళీ కుటుంబానికి

తిరుపతిలోని ఒక పాఠశాల వక్తృత్వ పోటీలో ఏడో తరగతి పాప మాట్లాడిన వీడియోను ఈపాటికి చూడనివారు తక్కువే. తన మేనమామకు మానసిక జబ్బు ఉందని ఆ పాప దాచకుండా చెప్పింది. జ్వరమొస్తే పండ్లు పట్టుకుని పరామర్శకు వచ్చే చుట్టాలు మామయ్యను చూడ్డానికి ఎందుకు రాలేదని అడిగింది. వీధిలో పిల్లలు ఆయన మీద రాళ్లేస్తుంటే పెద్దవాళ్లు నవ్వుతూ నిలబడ్డారనీ చెప్పింది. హాలంతా చప్పట్లు. శాలువా కప్పారు, ఫొటోలు దిగారు, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకుని మురిసిపోయారు. ఆ వీడియో పుణ్యమా అని సంగతి ఇంటి యజమాని చెవిన పడింది. నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

మిగతా అద్దెదారులు భయపడుతున్నారని యజమాని అంటున్నాడట. ఇల్లు ఆయనది, ఎవరికివ్వాలో ఆయన ఇష్టం అనేవాళ్లూ ఉన్నారు. నిన్నటిదాకా అదే వాటాలో ఉంటూ, మందులు వేసుకుంటూ, ఎవరి జోలికీ పోని మనిషి రాత్రికి రాత్రే ప్రమాదకారి ఎలా అయ్యాడు? ఆయన జబ్బు నిన్న ఎంతో ఇవాళా అంతే. ఇరుగుపొరుగుకు తెలిసింది, అంతే తేడా.

మా ఆందోళన ఈ ఒక్క ఇంటి గురించి మాత్రమే కాదు. దీన్ని చూసిన ప్రతి కుటుంబం ఏం నేర్చుకుంటుంది? నోరు విప్పితే గూడు పోతుందని. చిత్తూరు వైపు ఇళ్లలో ఇప్పటికే వేలూరు బాగాయంలోని సీఎంసీ మానసిక వైద్య కేంద్రానికి వెళ్లొచ్చిన సంగతి పక్కింటికి పొక్కనివ్వరు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయని ఒక భయం, ఉద్యోగం పోతుందని ఇంకో భయం. తాయెత్తు కట్టించామని మాత్రం ధైర్యంగా చెప్పుకుంటారు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు. డాక్టర్ల కొరత ఒక కారణం, నిజమే. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉండి కూడా ఆ ఓపీ వరుసలో తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని వెనక్కి తిరిగిపోయేవాళ్ల మాటేమిటి? మానసిక సమస్యలకు సలహా ఇచ్చే టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చని ప్రభుత్వం చెబుతోంది. పలచటి గోడల అద్దె వాటాలో ఆ ఫోన్ ఎక్కడ కూర్చుని చేయాలో కూడా చెబితే బాగుంటుంది.

చట్టానికేం తక్కువ లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. జబ్బు ఉన్నవారికి సమాజంలో అందరి మధ్యా బతికే హక్కు ఉందని అది చెబుతోంది. ఈ జబ్బుల మీద చిన్నచూపు పోయేలా ప్రచారం చేయాల్సిన బాధ్యతను ప్రభుత్వాల మీద పెట్టింది. దిక్కులేక తిరిగే రోగి కనబడితే పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. మన బస్టాండు, రైల్వే స్టేషన్ పరిసరాల్లో ఎప్పుడు చూసినా అలాంటివాళ్లు కనిపిస్తూనే ఉంటారు. కొందరినైతే సొంతవాళ్లే దర్శనానికని తీసుకొచ్చి వదిలేసి పోతారు. ఈ ఊరికి ఇది కొత్త కాదు. చట్టం ఏం చెప్పిందో తెలిసిన అధికారులూ ఆ దారినే రోజూ వెళ్తుంటారు. అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినం వచ్చిందంటే మాత్రం ప్లకార్డులు, ర్యాలీ, సెల్ఫీలు!

చికిత్స పొందుతున్నవారి ఫొటోలు, వివరాలు వారి అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని కూడా అదే చట్టంలో ఉంది. పాప పేరు, బడి పేరు మేము రాయకపోవడానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. ఊరందరికీ వీడియో పంచిన పెద్దలు ఆ మేనమామను ఒక్క మాట అడిగారా? పిల్ల ధైర్యం చేసి చెప్పుకున్న బాధ వీళ్లకు స్టేటస్‌లో పెట్టుకునే సరుకైంది. ఫలితం అనుభవించేది మాత్రం ఆ కుటుంబం.

వేదిక మీద కూర్చున్నవారిలో పలుకుబడి ఉన్నవాళ్లు ఉన్నారు. ఖాళీ చేయమన్న యజమాని ఎవరో వాళ్లకు తెలుసు. నెలాఖరు ఇంకా రాలేదు. వెళ్లి ఆయనతో మాట్లాడండి, అద్దెదారులను కూర్చోబెట్టి భయం తీర్చండి, అవసరమైతే డాక్టరును వెంట తీసుకెళ్లండి. అంతమాత్రం చేతకాకపోతే, వచ్చే ఏడాది కరుణ గురించి మాట్లాడమని ఇంకో పిల్లను స్టేజీ ఎక్కించకండి.