మహారాజశ్రీ అద్దాల క్యాబినెట్ గారికి

కంప్యూటర్ భాగాలన్నిటినీ కడుపులో పెట్టుకునే పెట్టె, మహారాజశ్రీ బడ్జెట్ కంప్యూటర్ క్యాబినెట్ గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగనక్కర్లేదు. మా తమ్ముడి పుణ్యమా అని మీలో ఒకరు ఇప్పటికే మా హాల్లో కొలువై ఉన్నారు, వారి ఆరు ఫ్యాన్లూ ఆయురారోగ్యాలతో తిరుగుతున్న సంగతి వంటింట్లోకి కూడా వినపడుతూనే ఉంది.

ఇప్పుడు పడకగదిలోకి నాకొక కంప్యూటర్ కావాలి. రాత్రి పదకొండు దాటాక పని, పక్క మంచం మీద అమ్మ నిద్ర. అందుకని దానికొక క్యాబినెట్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను. ఏ షాపు ముందు నిలబడ్డా మీరే. ముందు అద్దం, పక్కన అద్దం, లోపల క్షణానికో రంగు. "చిన్నగా ఉండాలి, మోత చేయకూడదు, నాలుగు వేలు దాటకూడదు" అన్నాను. కౌంటర్ దగ్గరి కుర్రాడు నిస్సంకోచంగా మిమ్మల్నే చూపించాడు. "ఇది తీస్కోన్నా, ఆర్‌జీబీ ఫ్యాన్లు ఆరు ఫ్రీ." మరి మోత? "హెడ్‌ఫోన్లు పెట్టుకుంటవ్ గదన్నా, ఏం వినపడదు."

మా అమ్మకు కూడా ఒక జత కొనమంటారా?

ముందు మీ ఆకారం గురించి. వెడల్పు 210, ఎత్తు 450, లోతు 400 మిల్లీమీటర్లు. గుణిస్తే దాదాపు 38 లీటర్లు. అంటే ఇంటికొచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు బల్ల కింద పెట్టినట్టు. లోపల ఏముందయ్యా అంటే, మాలాంటివాళ్లు కొనే మైక్రో ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు 244 మిల్లీమీటర్ల చదరం. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ నేరుగా బోర్డుకే అతుక్కుంటుంది, వేలెడంత ఉంటుందంతే. సీడీ డ్రైవు పోయి చాలాకాలమైంది. మిగతాదంతా ఖాళీ స్థలమే. ఆ ఖాళీని అద్దంలోంచి చూపించడానికి మళ్లీ లైట్లు. నాకు కావలసింది ఒక్క క్యాన్ అంత పెట్టె, కాస్త అటూ ఇటూ.

ఇక మీ ఊపిరి సంగతి. మొన్న దసరాకు ఆయుధ పూజ చేస్తూ అమ్మ మీకు గంధం, కుంకుమ పెట్టి అగరుబత్తి వెలిగించింది. నేను ఆ బత్తి తీసుకుని మీ ముందు అద్దానికి నడిమధ్య పట్టుకున్నాను. లోపల మూడు ఫ్యాన్లు గాలి లాగుతున్నాయి, పొగ మాత్రం నిటారుగా సీలింగ్ వైపు పోయింది. అద్దం అంచున వేలు పట్టేంత సందు ఉంది కదా, అక్కడికి జరిపితే సన్నటి పోగొకటి వంగి లోపలికి దూరింది. మీరు పీల్చే గాలంతా ఆ సందులోంచే. తర్వాత ముందు అద్దం ఊడదీసి పక్కన పెట్టాను. కొద్దిసేపట్లోనే ప్రాసెసర్ మీదున్న చిన్న ఫ్యాన్ గొంతు తగ్గించింది. తమ్ముడు వచ్చి అద్దం మళ్లీ బిగించాడు, లుక్ పోతోందట.

మీ ఫ్యాన్లు ఆరు ఉన్నాయని నాకేం కోపం లేదు, నిజం చెబుతున్నాను. ఫ్యాన్ల సంఖ్య సగం చేస్తే తగ్గే మోత 3 డెసిబెల్స్. అదే ఉన్న ఫ్యాన్ల వేగం సగం చేస్తే దాదాపు 15 తగ్గుతుంది. 120, 140 మిల్లీమీటర్ల పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతూ కూడా చాలినంత గాలి తోస్తాయి, వాటికి ఎదురుగా అద్దం కాకుండా జాలీ ఉంటే చాలు. కానీ మీ ఫ్యాన్లు నెమ్మదిస్తే కదా! వాటిని మోలెక్స్ అనే కరెంటు వైరుతో నేరుగా ఎస్ఎంపీఎస్‌కు, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బాకు, తగిలించారు. పన్నెండు వోల్టులు, ఒకటే వేగం. ఆట ఆడినా అంతే, కరెంటు బిల్లు కట్టడానికి ఒక్క ట్యాబ్ తెరిచినా అంతే. నాలుగు పిన్నుల ఫ్యాన్ పెట్టి బోర్డుకు కలిపి ఉంటే, వేడిని బట్టి వేగం అదే చూసుకునేది. ఆ ఖర్చు లైట్లలో పోసినట్టున్నారు.

మే నెలలో సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే క్యాబినెట్ మోత ఎవరికి వినపడుతుందని తమ్ముడి వాదన. నిజమే. సంక్రాంతి నెలలో సీలింగ్ ఫ్యాన్ ఆపేశాక రాత్రి ఒంటిగంటకు వచ్చి వినమనండి. మూడున్నర అంగుళాల హార్డ్‌డిస్క్‌ను రబ్బరు కూడా లేకుండా ఆ పల్చటి రేకుకు స్క్రూలతో బిగించారేమో, డిస్క్ తిరిగినంతసేపూ రేకు దానికి తాళం వేస్తుంది. అరచేత్తో నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే మళ్లీ మొదలు.

మీ బంధువర్గంలో "సైలెంట్" అని పేరు పెట్టుకున్నవారు కూడా ఉన్నారు. పక్కలకు ఫోమ్ అతికించి, ముందు తలుపు బిగించి వస్తారు. ఫోమ్ రేకు మోతను కాస్త అణచేమాట వాస్తవం. కానీ తలుపు మూసేస్తే లోపల వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే ఫ్యాన్లు పరుగెత్తుతాయి. పైగా వారి రేటు చూసి నేను చేతులు కట్టుకుని పక్కకు తప్పుకున్నాను.

నాకు అసలు మంట ఇక్కడే. చిన్న పెట్టె అడిగితే మీ లోకంలో అదొక విలాసం. మినీ ఐటీఎక్స్ బోర్డు ఉంది, 2001లో వచ్చింది, 170 మిల్లీమీటర్ల చదరం. ర్యామ్‌కు రెండు స్లాట్లు, గ్రాఫిక్స్ కార్డులాంటివాటికి ఒక్కటే. అన్నీ తక్కువే, ధర మాత్రం నాలుగు ర్యామ్ స్లాట్లున్న మైక్రో ఏటీఎక్స్ కంటే ఎక్కువ. బాగా చిన్న పెట్టె కొంటే మామూలు ఎస్ఎంపీఎస్ పట్టదు, ఎస్ఎఫ్ఎక్స్ అనే పొట్టిది కొనాలి, అన్నే వాట్లకు దానికీ ఎక్కువే. ప్రాసెసర్ మీది కూలర్ ఎత్తు, గ్రాఫిక్స్ కార్డు పొడవు టేపు పెట్టి కొలుచుకోవడం సరేసరి. గట్టిగా అరిచి, గది నిండా వెలిగితే నాలుగు వేలు. మూల కూర్చుని నోరు మూసుకుంటే పది వేలు. ఇదెక్కడి న్యాయమండీ?

అందుకని నా విన్నపం. ఆ ముందు అద్దం తీసి జాలీ పెట్టండి, దుమ్ముకు ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఒకటి. పక్క అద్దం తీసి రేకే వేయండి, గట్టి రేకు. నాలుగు పిన్నుల ఫ్యాన్లు రెండు చాలు. మైక్రో ఏటీఎక్స్ బోర్డు, మామూలు ఎస్ఎంపీఎస్ పట్టాలి. లైట్లు అక్కర్లేదు. ఇలాంటిది ఉందా అని వెళ్లేముందు మళ్లీ అడిగాను. కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి, పై అరలో వెనకెక్కడో ఉన్న నల్ల పెట్టె ఒకటి దించి, గుడ్డతో తుడిచాడు. "ఇది ఆఫీసులోళ్లు తీస్కుంటరన్నా. ఇంట్ల పెడితే ఏం కనపడదు" అని జాలిపడ్డాడు. అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.

ఇట్లు,
మా హాల్లోని మీ అభిమానికి అన్నయ్య

తా.క.: మీ నెత్తిన ఉన్న రీసెట్ బటన్‌కు లైట్ల రంగు మార్చే పని అప్పగించారు. నిన్న కంప్యూటర్ హ్యాంగ్ అయితే తమ్ముడు దాన్ని నొక్కాడు. స్క్రీన్ అలాగే ఉంది, ఫ్యాన్లు ఊదారంగులోకి మారాయి.