సంతకం ఎవరిది, ఉత్తరం ఎవరిది?

ఎగ్మూరు రికార్డాఫీసు దగ్గర కాఫీ కొట్టు. మామయ్య పటాలంలో గుమస్తాగిరీ చేసి రిటైరయ్యారు, అల్లుడు కాలేజీలో చరిత్ర చెబుతాడు. యుద్ధంలో సేనాని పేరు మీద పోయే ఉత్తరం సేనానిదా, పక్కనుండే రాయసగాడిదా అని తగువు.

మామయ్య: కింద సంతకం ఎవరిదో ఉత్తరం వాళ్లదే. తేడా వస్తే తల పోయేదీ వాళ్లదే. గుమస్తా కలంతో సమానమోయ్.

అల్లుడు: కలం చిత్తు రాయదు మామయ్యా. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్ దండు చూడండి. ఆయన సంగతి నోటితో చెబుతాడు, లేదంటే నాలుగు ముక్కలు గీకి ఇస్తాడు. పక్కనుండే సహాయకులు, హామిల్టనో, టిల్ఘ్‌మనో, హారిసనో, దాన్ని చిత్తుగా పెంచుతారు. ఆయన చదివి కొన్ని మాటలు కొట్టేస్తాడు, వరసల మధ్య ఇరికిస్తాడు. మళ్లీ సాపు రాసి సంతకానికి పెడతారు. సాపు ప్రతి గుర్రమెక్కి పోతుంది. చిత్తును మడిచి, వెనక తేదీ, ఎవరికన్నదీ వేసి పెట్టెలో పెడతారు. సాపులో ఆఖరి నిమిషాన మార్చిన మాట చిత్తులోకి ఎక్కకపోతే ఇక అంతే, పెట్టెలో ఒకటి, చేరింది ఇంకొకటి. పైగా 1781లో రిచర్డ్ వారిక్‌ను పెట్టి ఈ కాగితాలన్నీ 44 సంపుటాలకు ఎక్కించారు. చిత్తుకు నకలన్నమాట, అక్కడ గుమస్తా కన్ను ఒక వరస జారినా జారిందే. అసలు 1776 జనవరిలో వాషింగ్టనే జోసెఫ్ రీడ్‌కు రాశాడు, ఆజ్ఞలు నెరవేర్చడమే కాదు, నా తరఫున ఆలోచించేవాళ్లు కావాలని.

మామయ్య: ఆలోచించేవాళ్లా! ఆ రీడ్ సంగతే మింగేశావేం? అదే ఏడాది చివర, ఒకప్పటి ఆ సెక్రటరీ మా సేనాని ఎటూ తేల్చుకోలేడని అదే సైన్యంలోని ఇంకో జనరల్ చార్లెస్ లీకి రాశాడు. లీ జవాబు వచ్చేసరికి రీడ్ దండులో లేడు. సర్కారు పనేమోనని వాషింగ్టనే విప్పి చదువుకున్నాడు.

అల్లుడు: దానికి నా దగ్గర జవాబు లేదు.

మామయ్య: ఎలా ఉంటుంది?

అల్లుడు: సరే, క్రిమియా యుద్ధంలో ఇంగ్లీషువాళ్లు రష్యావాళ్లతో తలపడ్డ బాలక్లావా తీసుకోండి. 1854 అక్టోబర్ 25. కొండ మీద ఇంగ్లీషు సేనాని రాగ్లన్ చెప్పాడు, పక్కనున్న అధికారి ఎయిరీ పెన్సిల్‌తో చీటీ రాశాడు, ఎయిరీ దగ్గరి నోలన్ దాన్ని పట్టుకుపోయి...

మామయ్య: పెన్సిలా! యుద్ధాజ్ఞ పెన్సిల్‌తోనా?

అల్లుడు: కొండ మీద సిరాబుడ్డి ఎక్కడ తెస్తారు? తడిస్తే సిరా అలుక్కుపోతుంది, పెన్సిల్ నిలుస్తుంది.

మామయ్య: చెరిపేస్తే?

అల్లుడు: ఆ చీటీ ఇవాళ్టికీ లండన్‌లో నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది మామయ్యా. పెన్సిల్ తప్పేం లేదు. శత్రువు ఫిరంగులు తీసుకుపోకుండా ఆపమని ఉంది, ఏ ఫిరంగులో లేదు. కొండ మీంచి కనిపించినవి కింద లోయలో ఉన్న గుర్రపుదళం అధిపతి లూకన్‌కు కనిపించవు. ఆ దళంలోని లైట్ బ్రిగేడ్ వేరే ఫిరంగుల ఎదటికి పోయింది. నోలన్ మొదట్లోనే చచ్చాడు, అడుగుదామన్నా మనిషి లేడు.

మామయ్య: అడగడమెందుకు? చీటీ కింద సంతకం పెట్టినవాడిదే తప్పు. రాగ్లన్‌ది.

అల్లుడు: ఆ సంతకం ఎయిరీది.